జీవరత్నం మాస్టారి నీలం

మా అనంతపురంలో వస్తువు నచ్చకపోతే నచ్చలేదని చెప్తారు. నచ్చితే ఏమీ చెప్పరు, ధర అడుగుతారు. నేను బ్యాంకులో గుమాస్తాను. నలభై అయిదో ఏట మట్టి మీద మనసు పడి, పెరట్లో మట్టి కాల్చే ఒక చిన్న కరెంటు ఆవం పెట్టుకుని పళ్లేలూ పలకలూ చేస్తున్నాను. మా ఆయన దీన్ని మట్టి పిసుకుడు అంటారు. చాటున కాకుండా ఎదురుగా అంటారు కాబట్టి ఆయన మీద నాకు గౌరవమే. అలాంటి ఇంటి నుంచి, అలాంటి ఊరి నుంచి వెళ్లి, కోనసీమలో నాలుగు రోజులు గడిపి వచ్చాను. ఎవరైనా వెళ్లాలనుకుంటే ముందుగా ఒక సంగతి చెప్పి పెడతాను. అక్కడ మీ పని ఎలా ఉందో మీకు ఎవరూ చెప్పరు.

ఈ ప్రయాణానికి కారణం మా బ్యాంకులో పనిచేసే సునీత. వాళ్లది రాజోలు దగ్గర పల్లె. అక్కడ ఆమె మేనత్త కరుణమ్మ టీచరు గారు ఉంటారు, హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఆవిడ భర్త జీవరత్నం మాస్టారు అదే బడిలో లెక్కలు చెప్పేవారు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. వాళ్ల క్రైస్తవ కుటుంబాల్లో నవంబరు రెండున సమాధుల పండుగ చేస్తారు. సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పేర్చి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. మాస్టారి పేరు ఏటా పెయింటుతో రాయిస్తే, ఏడాది తిరిగేసరికి ఉప్పుగాలికి పొట్టు రేగిపోతోంది. అందుకని ఎన్నటికీ పోని రంగుతో ఒక మట్టిపలక చేసివ్వమన్నారు. రంగు నీలం. పెళ్లయిన కొత్తలో మాస్టారు తన చేత్తో ఇంటి తలుపులకి వేసిన నీలం.

పోని రంగంటే అండర్‌గ్లేజ్. ఒకసారి కాల్చిన పలక మీద ఆ రంగు పూసి, పైన గాజుపూత పోసి, మళ్లీ కాలుస్తాం. గాజు కింద ఇరుక్కున్న రంగుని ఎండా వానా ఏమీ చేయలేవు. చిక్కల్లా ఒక్కటే, పచ్చిగా కనిపించే రంగు వేరు, కాలాక వచ్చేది వేరు. డబ్బాలో వెలిసిన సుద్దలా ఉండేది ఆవంలోంచి చిక్కటి నీలమై వస్తుంది. అందుకే ముందు చిన్న బిళ్లల మీద పూసి కాల్చి, చూసి ఎంచుకోవాలి.

పాత తలుపుల రంగు చూపించే ఫొటో ఒక్కటీ లేదట. అన్నిట్లోనూ మనుషులే పడ్డారు, తలుపులు పడలేదు. మాస్టారు పోయాక ఇల్లు బాగు చేయించినప్పుడు తలుపులకి గోధుమ రంగు వేసేశారు. సరే, నీలం నీలమే కదా అని ఒక పలక చేసి పార్సెల్ పంపాను. టీచరు గారు ఫోన్ చేసి, "ఆయ్, చాలా బాగుందండి. ఎంత శ్రమ పడ్డారండి" అన్నారు. పది రోజులకి సునీత నా కుర్చీ దగ్గర నిలబడి నసిగింది. వీలైతే ఇంకొకటి చేస్తారా అని. రెండోదీ చాలా బాగుంది. మూడోది మరీ బాగుంది. నాలుగోది అడిగేసరికి నాకు ఒళ్లు మండి, సెలవు పెట్టి, ఆవాన్నీ, ఒకసారి కాల్చిన నాలుగు కొత్త పలకల్నీ చెక్కపెట్టెలో బిగించి, నేనే బయల్దేరాను. పండుగకి ఇంకా నాలుగు రోజులుంది.

రావులపాలెం బస్టాండు

కోనసీమ నాకు మొదట ఇచ్చిన కానుక మూడు పలకల ముక్కలు. బస్సు మీద నుంచి పెట్టె దించడానికి ఒక పెద్దమనిషి తనంతట తానే వచ్చాడు. నేను అడగనైనా లేదు. పెట్టె కింద పెట్టగానే లోపల కణేలుమంది. నేను మూత తీసి చూసి, "పగిలిపోయినాయి గదయ్యా" అన్నాను. మా ఊళ్లో అయితే ఆయన, పెట్టె సరిగ్గా కట్టుకోలేదని నన్నే తిట్టేవాడు. ఈయన వంగి చూసి, "ఆయ్, పగిలిపోయేయండి" అని ఒప్పేసుకున్నాడు. దాంతో నాకు పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

తర్వాత ఆయన కొబ్బరిబోండం కొట్టించి తెచ్చాడు. ముప్ఫై రూపాయలు. మా దగ్గర యాభై, అదీ సగం పీచు. డబ్బు ఇవ్వబోతే, "మీ సామాను పగలగొట్టి మీ చేత డబ్బులిప్పిస్తామాండి" అన్నాడు. నాలుగు పలకల్లో ఒక్కటే మిగిలింది. రుచి చూడటానికి తెచ్చుకున్న చిన్న బిళ్లలు మాత్రం భద్రంగా ఉన్నాయి. రుచి అన్నది రంగుకే, కంగారు పడకండి.

అంబాజీపేటలో ఆగి పొట్టిక్కలు తిన్నాను. పనసాకుల్ని చిన్న బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. బొరుగులతో చేసే మా ఉగ్గాణి ముందు ఏదీ నిలవదని నమ్మినదాన్ని, నాలుగు తిన్నాక ఆ నమ్మకం కొంచెం కదిలింది. అయిదోది హోటలాయన పెట్టాడు, నేను చాలన్నాక. ఆ జిల్లాలో చాలు అనే మాట ఎవరికీ వినపడదు.

టీచరు గారి వరండా

కరుణమ్మ టీచరు గారు డెబ్భై ఆరేళ్ల సన్నటి మనిషి. గంజి పెట్టిన నేతచీర, ముక్కు మీదకి జారిన కళ్లద్దాలు. ఒక్కరే ఉంటారు గానీ, ఒంటరిగా ఉండటానికి ఆ ఊళ్లో ఎవరూ ఆవిడకి వీలివ్వరు. నేను వెళ్లిన గంటలో పదకొండుమంది వచ్చి పోయారు. అందరూ భార్యాభర్తలిద్దరి దగ్గరా చదువుకున్నవాళ్లే.

కాల్చి తెచ్చిన బిళ్లల్ని దారానికి గుచ్చి వరండాలో కట్టాను. అయిదు నీలాలు. ఆకాశపు నీలం నుంచి సిరా నీలం దాకా. వచ్చినవాళ్లనల్లా అడిగాను.

"మాస్టారి తలుపులు మీరు చూసినారు గదా. ఇందులో ఏది?"

"అన్నీ బాగున్నాయండి."

"బాగుండేది కాదు సామీ, ఆ రంగు ఏదో చెప్పండి."

"టీచరు గారు ఏదంటే అదేనండి."

టీచరు గారేమో, "మీరు తెలిసినవారు. మీరెలా అంటే అలాగేనండి" అంటారు. విసుగొచ్చి, ఒకసారి ఎక్కువ కాలి బొబ్బలెక్కిన ఒక దరిద్రపు బిళ్లని చూపించాను. వాళ్లు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఆయ్, ఇదీ ఓ రకంగా బాగుందండి" అన్నారు. పుట్టిన ఊరు మొదటిసారి తీపిగా గుర్తొచ్చింది.

ఒక్కటి మాత్రం గమనించాను. టీచరు గారు ఏ నీలాన్నీ రెండోసారి పట్టుకోలేదు. దారం చివర, పొరపాటున వచ్చిన గులాబీ రంగు బిళ్ల ఒకటుంది. దాన్ని రెండుసార్లు నీలం పక్కన పెట్టి చూసి, నేను చూస్తున్నానని తెలిసి వదిలేశారు.

గోధుమ రంగు తలుపు

మర్నాడు పొద్దున ఏదో ఒక నీలంతో పని కానిచ్చేద్దామని ఆవాన్ని సామాన్ల గదిలోకి లాగాను. పెద్ద ప్లగ్గు అక్కడే ఉంది. లాగుతుంటే ఆవం కాలి ఇనుపకొస తగిలి, తలుపు మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక గీత పడింది. గోధుమ రంగు లేచిపోయి లోపలి రంగు బయటపడింది. టీచరు గారు వెనకే ఉన్నారు.

"పర్లేదండి, పాత తలుపే కదండి" అన్నారు.

నేను వంగి గీతని వేలితో తుడిచి చూశాను. వంకాయ రంగు. లేత వంకాయ కూడా కాదు, బాగా నిగనిగలాడే గుత్తివంకాయ.

"టీచరు గారూ, ఇది నీలం కాదు గదా" అన్నాను. మా ఊరి నోరు, అడ్డం లేదు.

ఆవిడ వెళ్లి వీధి తలుపు వేసి వచ్చారు. ఆ ఇంటి వీధి తలుపు పగటిపూట మూయడం నేను అదొక్కసారే చూశాను. వచ్చి మంచం అంచున కూర్చుని, చిన్న గొంతుతో చెప్పారు.

"పెళ్లయిన కొత్తలో నాకు నీలం తలుపులంటే ఇష్టమన్నానండి. సెలవుల్లో అమలాపురం వెళ్లి, కొట్లో కలిపించి డబ్బా తెచ్చేరు. రెండ్రోజులు నన్ను పుట్టింట్లో ఉంచి, తానే వేసేరు. వచ్చేక చూపించి, నీలం ఎలా ఉందన్నారు. నేను చూసేను. ఆయన మొహం చూసేను. ఆయ్, బాగుందండీ అన్నాను."

"తెలీక తెచ్చినారా?"

"ఆయనకి తేడా తెలిసేది కాదండి. ఈ రంగూ నీలమూ ఒకలాగే కనిపించేవి. అది నాకు తర్వాత్తర్వాత అర్థమయ్యింది. లెక్కల మాస్టారికి రంగులు తెలీవంటే పిల్లలు నవ్వరాండి? అందుకని నేనూ నీలమే అన్నాను. నలభై ఒక్క ఏళ్లు అన్నాను."

"ఆయనకి తెలుసా, ఇది నీలం కాదని?"

"ఎప్పుడూ అడగలేదండి. అడిగితే నేనూ చెప్పాల్సొచ్చేది."

ఆయనకి రంగులు తెలియవన్న సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదనీ, దయచేసి నేనూ అనవద్దనీ అన్నారు. సమాధి మీద నీలం అని చెప్పి నీలమే వేస్తే అది ఆయన రంగు కాదు. వంకాయ రంగు కావాలని నోరు తెరిచి అడిగితే ఆయన పరువు పోతుంది. మూడు పలకలు తిప్పి పంపలేక, ఉంచుకోలేక, పాపం ఆవిడ నలిగిపోయారు. నేనేమో ఆవిడ చాదస్తపు మనిషని అనంతపురం అంతా చెప్పి వచ్చాను. సిగ్గేసింది.

సరే, నా దగ్గర వంకాయ రంగు లేదు. నీలం, సామానుతో తెచ్చుకున్న గులాబీ కలపాలి. నీలానికి పొగరెక్కువ, ఒక చుక్క హెచ్చితే గులాబీని మింగేస్తుంది. గులాబీ నాజూకు, గాజుపూతతో పడకపోతే బూడిద రంగుకి తిరుగుతుంది. చెంచాతో కొలిచి నాలుగు పాళ్లు కలిపి నాలుగు బిళ్లల మీద పూశాను. కాలకముందే రంగు కొంత ఊహించాలంటే తడి చేసి చూడాలి. టీచరు గారు తలకి రాసుకునే కొబ్బరినూనె తెచ్చి వేలితో ఒక్కో బిళ్ల మీదా రాశారు. తలుపు మీద గీత పక్కన పెట్టి చూశారు. నీలం ఒక చెంచాకి గులాబీ నాలుగు చెంచాలు కలిపిన బిళ్లని రెండోసారి పట్టుకున్నారు. మూడోసారి కూడా.

ఆ బిళ్లని ఆవిడ దగ్గరే ఉంచి, అవే పాళ్లు వేరే బిళ్లల మీద పూసి, గాజుపూత పోసి ఆవంలో పెట్టాను. పైపూత గాజవ్వాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. ఎనిమిది వందల డెబ్భై దగ్గర ముల్లు ఆగిపోయింది. గంట గడిచినా అక్కడే. పక్కింటావిడ కిటికీలోంచి చెప్పింది, "రొయ్యల చెరువుల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయండి. ఈ టైములో ఓల్టేజీ పడిపోయి మా మిక్సీలో కొబ్బరి కూడా నలగదండి."

బయటికి తీస్తే బిళ్లల నిండా పాలమీగడలాంటి తెలుపు. కింద ఏ రంగుందో దేవుడికే తెలియాలి. పండుగ ఎల్లుండి. ఉన్నది ఒక్క పలక.

చెరువు గట్టు

మర్నాడు పొద్దున్నే టీచరు గారు ఎవరికో ఫోన్ చేశారు. పావుగంటలో సత్తిబాబు గారు ట్రక్కు ఆటో వేసుకుని వచ్చారు. యాభై ఏళ్ల మనిషి, తండ్రి పడవ నడిపేవారు, ఈయన రొయ్యల చెరువులు చేస్తున్నారు. చెరువుకి సొంత జనరేటరు ఉంది, ఆవాన్ని అక్కడికే ఎక్కించుకెళ్లాం. టీచరు గారు ఇంట్లోనే ఉండిపోయారు, సమాధికి పూలు కట్టాలని. దగ్గర కూర్చుంటే భయమని నాకు తర్వాత చెప్పారు.

ఆ ఒకటికి నాలుగు రంగుతో పలక మీద మాస్టారి పేరు నేను తెల్లవారకముందే రాసి, ఆరబెట్టి ఉంచాను. పచ్చి రంగు వెలసి బూడిద గులాబీలా ఉంది. పైపూత పోయబోతుంటే సత్తిబాబు గారు పలకని చూసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, బళ్లో నిలబడ్డట్టు.

"మాస్టారి నీలమేనాండి?" అన్నారు.

ఆయన అడిగిన తీరుకి నేను ఉలిక్కిపడ్డాను. ఆయన నవ్వారు.

"ఆరో తరగతిలో లెక్కల పుస్తకాలకి నీలం అట్ట వేసుకుని రమ్మన్నారండి. తన పుస్తకం చూపించి, ఇదిగో ఈ రంగు అన్నారు. చూస్తే వంకాయ రంగండి. అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మర్నాడు నలభైమందిమీ వంకాయ రంగు అట్టలే వేసుకెళ్లేమండి. ఆయన చూసి, మీ అంత క్రమశిక్షణ ఏ క్లాసుకీ లేదన్నారు."

"ఊరందరికీ తెలుసా?"

"ఆయ్. మా వెనకవాళ్లూ అలాగే వేసుకెళ్లేరండి. కొట్టాయన మా ఊరికని ఆ కాగితం వేరే తెప్పించేవాడు. కానీ టీచరు గారితో అనకండి. ఎవరికీ తెలీదని ఆవిడ నమ్మకం. ఆవిడ బాధపడతారు."

ఆవిడ రహస్యం నా ఎడమచెవిలో, ఊరి రహస్యం కుడిచెవిలో. నాకు రెండింటి మధ్యా ఆవం ఒకటి.

జనరేటరు దడదడలాడుతూ మొదలైంది. గట్టు మీద గడ్డి కోసి నీళ్లు చల్లారు, నిప్పు పుట్టకుండా. తొమ్మిది వందలు దాటింది. నేను కుర్చీలోంచి లేచాను. సత్తిబాబు గారి భార్య అన్నం తెచ్చింది. రొయ్యల ఇగురు, మామిడికాయ పచ్చడి, గడ్డపెరుగు. కారం మా వైపుతో పోలిస్తే లెక్కలోకి రాదు, ఆ మాట అంటే ఆవిడ నిజంగానే మరుసటి గిన్నెలో కారం దట్టించింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే, "ఎలా ఉందండి" అని అడిగింది. "బాగుందండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. మూడు రోజుల్లో నాకూ ఆ నీళ్లు పట్టేశాయన్నమాట.

మధ్యాహ్నానికి వెయ్యి దాటింది. ఆపేశాను. వేడిగా ఉండగా తెరిస్తే పలక పగులుతుంది, తెల్లారేదాకా ఆగాలి. సత్తిబాబు గారు ఆవం మీద రేకు కప్పి, చెరువు కాపలా మనిషికి రొయ్యల కంటే దీన్ని ఎక్కువ చూడమని చెప్పారు.

సమాధుల పండుగ

పొద్దున టీచరు గారూ వచ్చారు. పండుగ చీర కట్టుకున్నారు, చేతిలో ఆ కొబ్బరినూనె రాసిన బిళ్ల. మూత ఎత్తే ముందు రెండుసార్లు వేలు తాకించి వేడి చూశాను. బూడిద రంగుకి తిరిగి ఉంటే ఇంక చేసేదేమీ లేదు. తొమ్మిదేళ్లుగా ఆవిడ అడగలేకపోయినది, ఈ ఏడూ అడగకుండానే పోతుంది.

తెల్లటి పలక మీద జీవరత్నం అన్న అక్షరాలు వంకాయ రంగులో తళతళలాడుతున్నాయి. ఒక్క సున్నా దగ్గర మాత్రం గులాబీ కొంచెం ఎక్కువై అంచు ఎర్రబడింది. నేను దాన్నే చూస్తున్నాను. టీచరు గారు కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, వేలితో పేరంతా ఒకసారి తడిమారు.

బాగుందండి అనలేదు. "ఇదేనండి" అన్నారు.

ఇన్ని నెలల్లో నా పని గురించి ఆవిడ నిజం చెప్పిన మొదటి మాట అది, నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయలేను. సత్తిబాబు గారు చెరువు వైపు తిరిగి నిలబడ్డారు.

సాయంత్రం సమాధుల తోటకి నేనూ వెళ్లాను. మేస్త్రీ మధ్యాహ్నమే సిమెంటుతో పలక బిగించాడు. చుట్టూ సున్నం వేసిన సమాధులు, బంతిపూలు, అగరొత్తుల వాసన, పిల్లలకి పంచే బిస్కెట్లు. మా వైపు స్మశానమంటే ఆడవాళ్లు అటు చూడరు. ఇక్కడ పట్టుచీరలు కట్టుకుని, పేరుపేరునా పలకరించుకుంటున్నారు. మాస్టారి దగ్గరికి వచ్చినవాళ్లందరూ కొవ్వొత్తి పెట్టి, పలక చూసి, టీచరు గారితో ఒక్క మాటే అన్నారు.

"మాస్టారి నీలం అచ్చం అలాగే వచ్చిందండి."

"ఆయ్, అచ్చం అలాగే వచ్చిందండి" అంటున్నారు ఆవిడ, ఎవరికీ తెలియదనుకుని. వాళ్లు తలలూపుతున్నారు, తమకి తెలిసిన సంగతి ఆవిడకి తెలియదనుకుని. నేను ఎవరి మొహమూ చూడలేక కొవ్వొత్తులు సరిచేస్తూ కూర్చున్నాను.

అంతలో ఒక కొత్త పెళ్లికొడుకు వచ్చాడు. ఆ ఊరి అల్లుడు, విశాఖపట్నం అబ్బాయి. వంగి చూసి, అమాయకంగా అందరికీ వినపడేలా అడిగాడు, "నీలం అంటున్నారేంటండీ, ఇది వంకాయ రంగు కదా?"

టీచరు గారి చేతిలో అగ్గిపుల్ల వెలిగింది వెలిగినట్టే ఉండిపోయింది. సత్తిబాబు గారు నా వైపు చూశారు. ఆయన పక్కవాళ్లు చూశారు. రంగుల సంగతి తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. పుట్టి బుద్ధెరిగాక కానిదాన్ని అవునని అన్న మనిషిని కాను.

"నీలమే నాయనా" అన్నాను. "కాల్చినాక నీలం ఇట్లనే ఉంటుంది."

"అవునాండి" అన్నాడు. సొంత కళ్లకంటే ఆవం ఉన్నావిడ మాట మీదే గురి పెట్టుకుని వెళ్లిపోయాడు. టీచరు గారు ఇంకో పుల్ల గీసి కొవ్వొత్తి వెలిగించారు. కాసేపాగి నా దగ్గరికి జరిగి, చెవిలో అన్నారు.

"మీకు అబద్ధం అలవాటు లేదండి. చెవులు ఎర్రబడిపోయేయి."

"ఎర్రబడలేదు టీచరు గారూ. సరిగ్గా చూడండి, నీలం."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

ఇంటికొచ్చాక రంగుల పుస్తకంలో కొత్త పేజీ తీసి రాసుకున్నాను. నీలం ఒక చెంచా, గులాబీ నాలుగు చెంచాలు. మా ఆయన భుజం మీదుగా చూసి, పక్కన అంటించిన కొబ్బరినూనె బిళ్ల మీద వేలు పెట్టి, "వంకాయ రంగు బాగా వచ్చిందే" అన్నారు. నేను తలెత్తకుండా పేజీ పైన పేరు రాశాను, జీవరత్నం మాస్టారి నీలం అని.